మంత్రిగారూ, మమ్మల్ని ఇంగ్లిష్ శాఖలో కలపకండి

ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. నేను కంపారిటివ్ లిటరేచర్‌లో ఎంఏ రెండో ఏడాది చదువుతున్నాను. తెలుగులో తులనాత్మక సాహిత్యం అంటారు, వేర్వేరు భాషల సాహిత్యాన్ని పోల్చి చదవడం. ఏ పేరు చెప్పినా ఎదుటివాళ్లు "అంటే ఏంటి?" అనే అడుగుతారు కాబట్టి ఏదైనా ఒకటే. విద్యార్థులు తక్కువగా ఉన్నారని మా శాఖను ఇంగ్లిష్ శాఖలో కలిపేసే ఫైలు మీ దగ్గరికి వచ్చిందట. సంతకం పెట్టేముందు ఒక కథ వినండి.

పంచతంత్రంలో దమనకుడు గుర్తున్నాడు కదా, నక్క. సింహానికీ ఎద్దుకీ మధ్య చిచ్చుపెట్టి, ఎద్దును చంపించి, ఏ శిక్షా లేకుండా మంత్రిగా హాయిగా ఉండిపోతాడు. (మీమీద సెటైర్ కాదు సార్, కథే అలా ఉంది.) పోయిన సెమిస్టర్‌లో ఇది చదువుతుంటే అరబిక్ వచ్చిన మా క్లాస్‌మేట్ ఒకతను పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పి "మరి విచారణ ఏది?" అన్నాడు. ఏ విచారణ అని మేం. 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా అరబిక్‌లోకి తెచ్చిన 'కలీలా వ దిమ్నా'లో కథ ఎద్దు చావుతో ఆగదట. దిమ్నాను, అంటే మన దమనకుడినే, జైల్లో పెట్టి, సాక్షుల్ని పిలిచి, విచారణ జరిపి, చివరికి చంపేస్తారు. దమనకుడి తోటి నక్క కరటకుడే కలీలా అయ్యాడని నాకు అప్పుడే వెలిగింది.

ఆ రోజు క్లాసు టైమ్ అయిపోయినా ఎవరం లేవలేదు. సంస్కృతంలో తంత్రం గెలిస్తే చాలనుకున్న కథకి అరబిక్‌లోకి వెళ్లగానే శిక్ష ఎందుకు కావాల్సి వచ్చింది? అది మతం వల్లా, చదివేవాళ్లు మారడం వల్లా, లేక పాలకుల దగ్గర కార్యదర్శిగా బతికి చివరికి అధికారం చేతిలోనే ప్రాణం పోగొట్టుకున్న ఆ అనువాదకుడి జీవితం వల్లా? జవాబు తేలలేదు, తేలకపోయినా పర్లేదు, మా సబ్జెక్టు పనే ఇది.

ప్రతి భాషకీ ఒక శాఖ ఉందిగా, మళ్లీ ఇదెందుకు అంటారు. ఉంది సార్. ఆ విచారణ ఉందని అరబిక్ వాళ్లకి తెలుసు, అది లేదని సంస్కృతం వాళ్లకి తెలుసు, రెండు పుస్తకాలూ ఒకే బల్లమీద తెరిచిపెట్టేది ఎవరు? ఇదేమీ నిన్నమొన్నటి ఫ్యాషన్ కూడా కాదు, కోల్‌కతాలోని జాదవ్‌పూర్ యూనివర్సిటీలో బెంగాలీ కవి బుద్ధదేవ్ బోస్ ఈ శాఖను 1956లోనే మొదలుపెట్టారు.

ఇక ఇంగ్లిష్‌లో కలిపితే ఏం పోతుందంటే, ఈ కథ సంస్కృతం నుంచి పహ్లవీకి (అప్పటి పర్షియన్), అక్కణ్ణుంచి అరబిక్, హీబ్రూ, లాటిన్, స్పానిష్, ఇటాలియన్ మీదుగా 1570లో ఇంగ్లిష్‌కి చేరింది. పహ్లవీ ప్రతి అయితే దారిలోనే పోయింది. ఇన్ని చేతులు మారాక దొరికిన పుస్తకం ఒక్కటే ముందు పెట్టుకుని, దేన్ని దేంతో పోల్చమంటారు? అనువాదాలు వద్దని కాదు, నేను సగం వాటిమీదే బతుకుతున్నాను, మనిషన్నవాడు ఎన్ని భాషలని నేర్చుకుంటాడు. కానీ ఒక్కటైనా సొంత భాష కానిది మూలంలో చదవగలగాలి కదా, కనీసం అనువాదంలో ఏం జారిపోయిందో అనుమానం రావడానికైనా.

నా సంగతే చెప్తాను. మొదటి ఏడాది పర్షియన్ మొదలుపెట్టి మూడో నెలలో వదిలేశాను. క్రెడిట్లు లేవు, పైగా ఆ క్లాసు అటెండెన్స్ తప్పనిసరైన ఇంకో పేపర్‌తో క్లాష్. ఆపేటప్పటికి అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చింది, అర్థం మాత్రం రాలేదు. బద్ధకం నాదే అనుకోండి, సగం తప్పు టైమ్ టేబుల్‌ది.

అందుకే కొత్త పోస్టులు, కొత్త బిల్డింగులు అడగడం లేదు. భాషా శాఖల్లో ఇప్పటికే ఉన్న టీచర్లు మాకూ పాఠం చెప్పేలా చూడండి, నేర్చుకున్న భాషకి పూర్తి క్రెడిట్లు ఇవ్వండి, స్ట్రెంగ్త్ లెక్కేసేటప్పుడు ఇతర శాఖల నుంచి మా క్లాసులకి వచ్చి కూర్చునే వాళ్లని కూడా కలపండి. ఆ ఫైల్లో వాళ్ల సంఖ్య ఉండి ఉండదు.

వీలుంటే ఒకసారి మీరే వచ్చి చూడండి సార్. ఈ సెమిస్టర్‌లో మళ్లీ దమనకుడే, ఈసారి అరబిక్, సంస్కృతం, తెలుగు మూడూ పక్కపక్కన పెట్టి చదువుతున్నాం. కుర్చీలకి కొదవ లేదు, స్ట్రెంగ్త్ తక్కువే కదా.

ఇట్లు,
తులనాత్మక సాహిత్యం విద్యార్థి