మెదడు సరే, మెరిక్ మాటేమిటి?

సంపాదకులు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో ఎడ్వర్డ్ రులాఫ్‌పై వ్యాసం చదివాను. ‘మేధావి హంతకుడు’ అంటూ పేజీ నిండా పొగడ్తే! 1845లో న్యూయార్క్ రాష్ట్రంలో అతని భార్యా, పసికూతురూ మాయమయ్యారు. శవాలు దొరకలేదు కనుక భార్యను అపహరించిన నేరమే రుజువైంది, పదేళ్లు జైలు. ఆ తల్లీబిడ్డలకు మీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా దక్కలేదు.

1870 ఆగస్టులో అతని ముఠా బింగ్‌హామ్‌టన్‌లో ఓ కొట్టులోకి దొంగతనానికి దూరింది. అక్కడే పడుకున్న గుమాస్తా ఫ్రెడరిక్ మెరిక్ అడ్డుపడి తూటాకు బలయ్యాడు. రులాఫ్‌ను పట్టించింది కొట్లో వదిలేసిన బూటు. ఆ బూటు బొటనవేలు లేని కాలికి సరిపోయేది, అతని కాలికీ బొటనవేలు లేదు. భాషల పుట్టుక రహస్యం కనిపెట్టానని, తన రాతప్రతికి అంతకు ముందేడే ఐదు లక్షల డాలర్లు అడిగిన మనిషి! (పండితులెవరూ కొనలేదు లెండి.)

అంత మేధావిని ఉరి తీయొద్దని కొందరు గొడవ చేస్తే, బదులుగా ఇంకెవరినైనా ఉరితీస్తే సరి అని అమెరికన్ రచయిత మార్క్ ట్వైన్ ఓ పత్రికకు వెటకారంగా ఉత్తరం రాశాడు. 1871 మే 18న ఉరి పడింది.

కోర్నెల్ విశ్వవిద్యాలయంలో దాచిన అతని మెదడు గురించి మీరు సగం కాలమ్ రాశారు. మెరిక్ పేరు ఒక్కసారైనా రాయాల్సింది.

— ఓ పాఠకుడు, గుంటూరు