సింహాచలం మెట్లకి లేహ్ లొంగదు

విశాఖపట్నం

ఒరే సూరిగా,

నీ లద్దాఖ్ ప్లాను చూశాను. రెండో రోజే ఖర్దుంగ్‌లా కనుమ ఎక్కుతానని రాశావే, ముందు అది కొట్టేయ్. మన బీచ్‌రోడ్డు మీంచి బయల్దేరి లేహ్‌లో విమానం దిగావంటే ఒక్క రోజులో 3,500 మీటర్లు ఎక్కేసినట్టే. ఊపిరికి అందే ఆక్సిజన్ ఇక్కడి దాంట్లో మూడింట రెండు వంతులే. రోజూ సింహాచలం మెట్లెక్కుతున్నానని మురిసిపోకు. కాళ్లు గట్టిపడతాయి గానీ, ఒంటికి ఆ ఎత్తు అలవాటు కాదు. గట్టిపిండాలే తొందరపడి పడకేస్తారు.

మొదటి 48 గంటలూ గదిలో పడుండు. రెండోనాడు సాయంత్రం బజారు దాకా మెల్లగా నడువు, చాలు. తాగుడు, నిద్రమాత్ర రెండూ వద్దు. ఎత్తు జబ్బు రాకుండా డయామాక్స్ మాత్ర, 125 మిల్లీగ్రాములది, పొద్దునొకటి, రాత్రొకటి, ముందురోజు నుంచే వేసుకుంటారు. నీకు సల్ఫా రకం మందులు పడవేమో డాక్టర్ని అడిగాకే. వేళ్లు తిమ్మిరెక్కితే కంగారుపడకు, అది మందు గుణం. కాస్త తలనొప్పి మామూలే. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, నడక తూలుతున్నా మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే కిందికి దిగిపోవాలి.

మూడో రోజు ఖర్దుంగ్‌లా. పైన పావుగంట మించొద్దు. రాత్రికి నుబ్రా లోయలో హుందర్ ఊరు చేరతావు, అది లేహ్ కంటే పల్లం, నిద్ర పడుతుంది. ఇసుక తిన్నెలు, రెండు మూపురాల ఒంటెలు అక్కడే. పాంగాంగ్ సరస్సు 4,200 మీటర్ల పైమాటే, అందుకే అక్కడ పడక చివర్న పెట్టుకో. ఆ దార్లో వాగులు పొద్దున్నే దాటెయ్యాలి. ఎండెక్కేకొద్దీ పైన మంచు కరిగి, మధ్యాహ్నానికి నీళ్లు పెరిగిపోతాయి.

బండి లేహ్‌లోనే అద్దెకి తీసుకో, మనాలీ అద్దె బండిని అక్కడ తిప్పనివ్వరు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండే అడుగు. కార్బురేటర్‌దైతే గాలి పల్చనై పెట్రోలు పాలు ఎక్కువైపోతుంది, ఎత్తులో మూలుగుతుంది.

జాంస్కర్ నదిలో రాఫ్టింగ్ చిల్లింగ్ నుంచి నిమ్ము దాకా, జూలై, ఆగస్టుల్లో. లైఫ్ జాకెట్ భుజాల దగ్గర పట్టి పైకి లాగించుకో. చెవుల దాకా వచ్చిందంటే పట్టీలు వదులే. నీళ్లలో పడితే రుషికొండలోలా ఈత ప్రతాపం చూపించకు. మంచునీళ్లకి చేతులు నిమిషాల్లోనే కొయ్యబారతాయి. వెల్లకిలా తేలు, కాళ్లు ప్రవాహం వైపు, బొటనవేళ్లు పైకి. నిలబడాలని చూశావో, పాదం రాళ్ల సందున ఇరుక్కుంటుంది, నీళ్లు నిన్ను ముందుకు తోసేస్తాయి.

నుబ్రా, పాంగాంగ్‌లకి పర్మిట్ కాగితాలు ఇప్పుడేం కావాలో బయల్దేరే ముందే కనుక్కో. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచెయ్యదు, పోస్ట్‌పెయిడ్‌కి ఇప్పుడే మార్చు. అయినా పాంగాంగ్‌లో సిగ్నల్ మీద ఆశపెట్టుకోకు. అమ్మకి ఆ సంగతి ముందే చెప్పు, లేకపోతే మా ఇంటికి ఫోన్ల మీద ఫోన్లు!

నీ,
రాజు