ఐస్ బాక్సు మోసుకొచ్చిన ఆంటీకి

మా ఆయన ఆపరేషన్ అయి ఇంటికొచ్చి ఇవాళ్టికి 10 రోజులు. ఆయన ఇప్పుడే పడుకున్నారు. కళ్ళు మూతలు పడుతున్నాయి, అయినా రేపటికి వాయిదా వెయ్యాలనిపించలేదు. అత్తయ్య, చెల్లి, మరిది అందరూ ఉన్నారు, చూసుకున్నారు. వాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది ఆస్పత్రిలో పక్క బెడ్ దగ్గర ఉన్న ఒక పెద్దావిడ గురించి. అంతకుముందు ముఖపరిచయం కూడా లేదు. "డాక్టర్ చికెన్ పెట్టమన్నారు ఆంటీ, రోజూ వండే ఓపిక నాకెక్కడిది" అని ఒక సాయంత్రం అన్నాను, అంతే. మేం ఇంటికొచ్చిన మూడో రోజు ఐస్ బాక్సుతో మా గుమ్మంలో నిలబడ్డారు. అప్పటికి వాళ్ళాయన ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నారు.

అందులో 14 ప్యాకెట్లు. చికెన్ ఉడికించి, ఎముకలు తీసేసి, పూటకి సరిపడా విడగొట్టి, ఉడికిన నీళ్ళతో సహా జిప్ కవర్లలో పోశారు. గాలి నొక్కేసి, పలకల్లా పల్చగా గడ్డకట్టించారు. నీళ్ళుంటే ముక్క ఎండిపోదట. గాలి మిగిలితే తెల్లమచ్చలు పడి పీచులా అవుతుందట. ప్రతి కవరు మీదా తేదీ ఉంది. అన్నిటికన్నా అడుగున ఒక చిన్న ప్యాకెట్. దాని మీద తేదీ కింద "ఇది నీకు. కూర్చుని తిను" అని రాసుంది.

నేను నిలబడి తింటున్నానని ఆవిడ ఎప్పుడు చూశారో! వంటింట్లో అలాగే నేల మీద కూలబడి ఏడ్చేశాను. ఆవిడ ఓదార్చలేదు. పాత తేదీవి ముందుకి, కొత్తవి వెనక్కి ఫ్రీజర్‌లో సర్దుతూ మెల్లగా చెప్పుకుంటూ పోయారు. "వండాక 2 గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళిపోవాలి తల్లీ. ఫ్రీజర్ క్రిముల్ని చంపదు, నిద్రపుచ్చుతుంది, అంతే. రాత్రే తీసి ఫ్రిజ్ కింది అరలో పెట్టుకో, గట్టు మీద వదిలెయ్యకు. మర్చిపోతే కవరు విప్పకుండా చన్నీళ్ళలో వేసి, అరగంటకోసారి నీళ్ళు మార్చు. పెట్టేముందు బాగా మరగనివ్వు." మైనస్ 18 డిగ్రీల్లో ఉంటే పాడవదు కానీ, రుచి తగ్గకముందే 4 నెలల్లోపు వాడెయ్యమన్నారు.

ఒక్క మాట మనసులో ఉంచుకోలేకపోతున్నాను. డిశ్చార్జ్ రోజు పొద్దున పదింటికే వెళ్ళిపోవచ్చన్నారు. బీమా అప్రూవల్ రాలేదని రాత్రి ఎనిమిదిదాకా కూర్చోబెట్టారు. చెల్లి పొద్దున్నే వండి పంపిన చికెన్ సంచిలోనే ఉండిపోయింది, మొత్తం పారబోశాను. చేతికిచ్చిన కాగితంలో "ప్రోటీన్ ఎక్కువ ఇవ్వండి" అని ఒక్క లైను. ఎలా ఇవ్వాలో, ఒంటిచేత్తో చేసుకునేవాళ్ళు ఏం చెయ్యాలో ఎవరికీ పట్టదు. ఆంటీ చెప్పిన ఆ నాలుగు మాటలు అక్కడే చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టేదా?

ఇంకా 5 ప్యాకెట్లున్నాయి. నాకిచ్చింది నిన్న తిన్నాను ఆంటీ, కూర్చునే. అంకుల్‌కి తగ్గిందని విన్నాను. బాక్సు కడిగి ఆరబెట్టాను, ఆదివారం తెస్తాను.

అయ్యో, పై ఇంటివాళ్ళని మర్చిపోయాను! మా దాంట్లో పట్టని ప్యాకెట్లు వాళ్ళ ఫ్రీజర్‌లో పెట్టుకున్నారు. రాత్రి డ్యూటీ నర్సమ్మకి కూడా థాంక్స్. ఆ బాక్సు మెట్లెక్కించిన వాచ్‌మన్ అన్నకి కూడా.