కింది పొట్ట చివరికే కరుగుతుంది

తిరుపతి

చిరంజీవి పాపకు అమ్మ దీవెనలు.

ఆరు కిలోలు తగ్గినా, ముఖమూ చేతులూ సన్నబడినా, బొడ్డు కింది మడత మాత్రం కదలడం లేదనీ, రాత్రి భోజనం కూడా మానేస్తే అది పోతుందేమోననీ ఫోనులో అడిగావు. భోజనం మానవద్దు. ఆ ఒక్క మాట అప్పుడే చెప్పాను కాని, మిగిలినదంతా హడావిడిలో చెప్పే సంగతి కాదు కనుక తీరికగా రాస్తున్నాను. నీ ప్రయత్నం విఫలం కాలేదు. అది సగం దూరం వచ్చింది, ఆ మిగిలిన సగమే నిదానమైనది.

ఒంట్లో కొవ్వు ఎక్కడినుంచి ముందు కరగాలో మనం నిర్ణయించలేము. పొట్టకు వ్యాయామం చేస్తే పొట్ట కండరాలు గట్టిపడతాయి గాని, తమ పైన పేరుకున్న కొవ్వును అవి నేరుగా తీసుకుని వాడుకోవు. కండరానికి ఇంధనం రక్తంలోనుంచి వస్తుంది, ఆ రక్తంలోకి కొవ్వు ఒళ్ళంతటినుంచీ చేరుతుంది. అడ్రినలిన్ వంటి హార్మోన్లు వచ్చి తగిలినప్పుడు కొవ్వు కణం తలుపు తీస్తుంది. అయితే ఆ కణాల మీద హార్మోను సందేశాన్ని అందుకునే గ్రాహకాలుంటాయి. విడుదలను ప్రోత్సహించే బీటా గ్రాహకాలతో పాటు దాన్ని అడ్డుకునే ఆల్ఫా-2 గ్రాహకాలూ ఉంటాయి. ఆడవాళ్ళకు తుంటి, తొడల దగ్గర ఈ రెండో రకం ఎక్కువ, బొడ్డు కింది కొవ్వు కూడా కొంతవరకు ఆ తీరుదే అంటారు. అందుకే ముఖం ముందు చిక్కుతుంది, కింది పొట్ట చివరికి దిగుతుంది. వేళ్ళతో పట్టుకోగలిగే ఈ కొవ్వు కన్నా పేగుల చుట్టూ చేరే లోపలి కొవ్వు చాలా ప్రమాదకరమైనది. మధుమేహానికీ గుండెజబ్బుకూ దానితోనే ఎక్కువ సంబంధం. నువ్వు తగ్గిన ఆరు కిలోలలో అదీ కొంత పోయే ఉంటుంది. అద్దంలో కనబడదు కాబట్టి నువ్వు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

అందుచేత అద్దాన్ని నమ్మక టేపును నమ్ము. కడపటి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యన టేపు చుట్టి, పొట్ట లోపలికి లాగకుండా, మామూలుగా ఊపిరి వదిలిన తరువాత కొలవాలి. మన దేశపు ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకు 90 దాటకూడదని వైద్యులు చెబుతారు; అమెరికాలో వాడే హద్దుకన్నా ఇది తక్కువ, ఎందుకంటే మనవాళ్ళకు తక్కువ బరువులోనే పొట్ట దగ్గర కొవ్వు చేరి జబ్బులు మొదలవుతాయి. బొడ్డుకు రెండు వేళ్ళ కింద మరొక కొలత కూడా రాసుకో. వారానికి ఒకసారి, ఉదయం, ఏమీ తినకముందు చాలు. రోజూ కొలిస్తే ఒంట్లో నీటి హెచ్చుతగ్గులే కనబడతాయి, నెలసరి ముందు మరీను.

ఇక నేను నిజంగా అడగవలసిన సంగతికి వస్తాను. నీకు ఇద్దరు పిల్లలు, రెండోవాడికి మూడేళ్ళు. నువ్వు కొవ్వనుకుంటున్నదంతా కొవ్వేనా అని నాకు అనుమానం. కడుపుతో ఉన్నప్పుడు పొట్ట ముందు భాగంలో నిలువుగా ఉండే రెండు కండరాలు పక్కలకు జరుగుతాయి, వాటి మధ్యనున్న పొర సాగుతుంది. చాలామందికి అది తిరిగి దగ్గరవుతుంది, కొందరికి ఏళ్ళు గడిచినా పూర్తిగా కాదు. అప్పుడు మనిషి ఎంత సన్నబడినా కింది పొట్ట ముందుకు వచ్చినట్లే ఉంటుంది, సాయంత్రానికి మరింత కనబడుతుంది. ఈ పరీక్ష చేసుకో: వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, వేళ్ళను బొడ్డు మీద అడ్డంగా ఆనించి, తలను నేలనుంచి కొంచెం పైకి ఎత్తు. రెండు గట్టి అంచుల మధ్య మెత్తని సందు తగులుతుంది. అందులో రెండు వేళ్ళకన్నా ఎక్కువ పడితే, లేదా తల ఎత్తినప్పుడు పొట్ట మధ్యలో గట్టులా ఉబ్బితే, ఫిజియోథెరపిస్టుకు చూపించుకునేదాకా వెల్లకిలా పడుకుని తలా భుజాలూ పైకెత్తే క్రంచులూ, రెండు కాళ్ళూ కలిపి పైకెత్తే వ్యాయామాలూ ఆపెయ్యి. అవి ఆ సందును పెంచగలవు. స్కూల్లో వ్యాయామం నేర్పిన రోజుల్లో బాలింతలైన టీచర్లు నా దగ్గరకు వచ్చి గుంజీలూ సిటప్పులూ లెక్కపెట్టించుకోవాలని చూసేవారు. అందరికీ ముందు ఈ పరీక్షే చేయించేదాన్ని.

సందు లేకపోయినా, కొద్దిగానే ఉన్నా, నేను చెప్పే వ్యాయామం ఇది. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడుచు. ముక్కుతో గాలి పీల్చి, నోటితో నెమ్మదిగా వదులుతూ, మూత్రం ఆపుకుంటున్నట్లు కింది కండరాలను బిగించి, బొడ్డును వెన్ను వైపు లాగి, ఒక మడమను నేల మీదనే జారుస్తూ కాలు చాపి, తిరిగి తీసుకో. నడుము నేలను వదిలిందంటే కాలు ఎక్కువ దూరం చాపినట్లే. ఒక్కో కాలికి పది చొప్పున రెండు విడతలు చాలు. ఇది సులువైన తరువాతనే, మోచేతుల మీదా కాలివేళ్ళ మీదా ఒంటిని బల్లలా నిలిపే ప్లాంకుకు వెళ్ళాలి. అయితే పొట్టను బిగించడం వేరు, కొవ్వును కరిగించడం వేరు. కొవ్వు కరగాలంటే పెద్ద కండరాలకు పని కావాలి: కుర్చీలో కూర్చుని లేస్తున్నట్లు చేసే స్క్వాట్లు, గోడకు చేతులానించి చేసే పుషప్పులు, నిండిన బకెట్టును నడుము వంచకుండా మోకాళ్ళు వంచి ఎత్తడం. వారానికి రెండు మూడు రోజులు ఇవి, వీటితో పాటు మొత్తం 150 నుంచి 300 నిమిషాల చురుకైన నడక. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన కొలతా ఇదే. పగలంతా లాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడు తొడ ముందరి కండరాలు బిగుసుకుని, నడుము లోపలికి వంగి, పొట్ట ఉన్నదానికన్నా ముందుకు కనబడుతుంది. గంటకొకసారి లేచి నిలబడు.

నెలకొకసారి వచ్చి అలిపిరినుంచి నడిచి కొండెక్కితే పొట్ట పోతుందని మీ ఆయన అన్నాడు. 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్లు. గుండెకూ కాళ్ళకూ అంతకన్నా మంచి పని లేదు, స్వామి దర్శనం సరేసరి. కాని నెలలో ఒక్క రోజు ఖర్చు చేసినదాన్ని మిగిలిన రోజుల తిండి సులువుగా పూడ్చేస్తుంది. రోజూ మీ అపార్టుమెంటు మెట్లు ఎక్కడం దానికన్నా ఎక్కువ పని చేస్తుంది.

తిండి దగ్గర లెక్క తప్పదు. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలుంటాయి. రోజుకు 400 చొప్పున తగ్గించుకుంటే నెలకు సుమారు కిలోన్నర పోతుంది, ఒళ్ళు చిన్నదయ్యేకొద్దీ ఇంకాస్త నిదానిస్తుంది. ఇంతకన్నా వేగం కోరుకుంటే కొవ్వుతో పాటు కండరమూ పోతుంది, నువ్వు రాత్రి భోజనం మానడం నాకు నచ్చనిది అందుకే. మన సంగటి తింటే సన్నబడతారన్న నమ్మకం కూడా వదులుకో. రాగిపిండికీ బియ్యానికీ కేలరీలలో పెద్ద తేడా లేదు, 100 గ్రాములకు రెండూ 320 నుంచి 360 మధ్యనే ఉంటాయి, పైగా సంగటిలో బియ్యం కలిపే ఉడికిస్తాము. రాగిలో పీచూ కాల్షియమూ ఎక్కువ, కడుపు నిండినట్లుంటుంది, కాబట్టి ఒక్క ముద్దతో ఆగగలిగితే మేలు. వేరుశెనగతో నూరే ఊరిబిండి పచ్చడి విషయంలోనూ జాగ్రత్త: గుప్పెడు వేరుశెనగ, అంటే 30 గ్రాములు, దాదాపు 160 కేలరీలు. అది చెడ్డది కాదు, కొలుచుకుని వేసుకోవలసినది. పోపులో పోసే నూనె ఒక్క పెద్ద చెంచాకు 120 దాకా ఉంటుంది, నీ వంటింట్లో మొదట తగ్గవలసినది అదే.

మాంసకృత్తులు నీకు చాలడం లేదు, ఆ సంగతి నువ్వు చెప్పిన భోజనాన్ని బట్టే తెలుస్తున్నది. మీ హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కిలో బరువుకు 0.83 గ్రాములని చెప్పింది. నీ 64 కిలోలకు అది 53 గ్రాములు. బరువు తగ్గేటప్పుడు కండరం నిలవాలంటే 70 దాకా వెళ్ళినా తప్పు లేదు. చారన్నం, పెరుగన్నంతో అది రాదు. ఉదయం రెండు గుడ్లు 12 గ్రాములిస్తాయి. 30 గ్రాముల పప్పు ఏడు. సాయంత్రం బిస్కెట్ల బదులు ఉలవ గుగ్గిళ్ళు, మధ్యాహ్నం గట్టి పప్పు, రాత్రికి ఒక చపాతీతో అలసందల కూర. పళ్ళెంలో సగం కూరగాయలుండేటట్లు చూసుకుంటే అన్నం దానంతటదే తగ్గుతుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు అనపగింజలు నానబెట్టి పితికిపప్పు చేస్తాను, కడుపునిండా తిను.

నడుముకు కట్టుకునే బెల్టులు చెమటనే తీస్తాయి, కొవ్వును కాదు. తేనె నిమ్మరసానికి కొవ్వును కరిగించే శక్తి లేదు, పైగా పెద్ద చెంచా తేనె 60 కేలరీలు. వాటికి డబ్బు పెట్టవద్దు.

నిద్ర ఏడు గంటలకు తగ్గనివ్వకు. నిద్ర చాలని మరునాడు ఆకలి పుట్టించే హార్మోను పెరిగి, తీపి మీదికే మనసు పోతుంది. నెలసరి సరిగా రాకపోయినా, జుట్టు రాలుతున్నా, ఎప్పుడూ నీరసంగా ఉన్నా, తిండిని ఇంకా తగ్గించే ముందు థైరాయిడ్ పరీక్ష, మూడు నెలల సగటు షుగర్ పరీక్ష చేయించుకుని, డాక్టరును పీసీఓఎస్, అంటే అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య, గురించి కూడా అడుగు. వేళ్ళ పరీక్షలో ఎంత సందు తగిలిందో, ఆ రెండు కొలతలూ ఈ ఆదివారం నాకు రాసి పంపు; వాటిని చూసిన తరువాతనే ప్లాంకు ఎప్పుడు మొదలుపెట్టాలో చెబుతాను.

ఆశీస్సులతో,
మీ అమ్మ