మన నాణేల సంఘం వార్షిక నివేదిక (త్రాసు కొన్న ఏడాది)

సభ్యులందరికీ నమస్తే. రిపోర్ట్ లేట్ అయింది, తిట్టుకోకండి. లెక్కలు కోశాధికారి గారు విడిగా పంపిస్తారు, హాలు అద్దె, టీలు, ఒక త్రాసు, అంతే.

అసలు చెప్పాల్సింది ఆ త్రాసు గురించే. కొనేటప్పుడు దండగ అని గొడవ చేసినవాళ్లే ఇప్పుడు మీటింగ్‌కి రాగానే దాని చుట్టూ మూగుతున్నారు. ఒకాయన అరుదైన 1939 జార్జ్ రూపాయి దొరికిందని మురిసిపోతూ తెచ్చారు, బరువు చూస్తే 11.66 గ్రాములు, కరెక్టే, కానీ 1938దీ అంతే 1940దీ అంతే కదా. అందుకని నీళ్ల గ్లాసు త్రాసు మీద పెట్టి సున్నా చేసి, నాణేన్ని దారం కట్టి అడుక్కి తగలకుండా ముంచాం. 1939 వరకు వెండి దాదాపు 91.7 శాతం, అప్పుడు త్రాసు 1.13 గ్రాముల దగ్గర ఆగాలి, 1940 నుంచి సగమే వెండి కాబట్టి 1.22 దాకా పోతుంది. ఆయనది 1.22. లూప్‌లో (చిన్న భూతద్దం) చూస్తే చివరి అంకెల చుట్టూ గీకిన జాడ, పాపం టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. అయితే 1938లో 8ని గీకి 9 చేసుంటే నీళ్ల టెస్ట్ హాయిగా పాసయ్యేది, కాబట్టి లూప్ లేకుండా త్రాసుని ఒక్కదాన్నే నమ్మకండి.

డై వెరైటీల్లో, అంటే నాణెం కొట్టే అచ్చుల తేడాల్లో, ఈసారి మన హైదరాబాద్ నిజాంల చార్మినార్ రూపాయిలు పట్టుకున్నాం. మహబూబ్ అలీ ఖాన్ నాణేల్లో చార్మినార్ గుమ్మంలో అరబీ లిపి మీమ్ అక్షరం ఉంటుంది, ఉస్మాన్ అలీ ఖాన్‌వాటిలో ఐన్. ఉస్మాన్‌వి మొదట్లో కొట్టిన వాటిలో ఆ ఐన్ పొట్టిగా సగమే ఉంటుంది, తర్వాత పూర్తి ఐన్ వచ్చింది. అరిగిపోయిన పూర్తి ఐన్‌ని పొట్టి ఐన్ అనుకోవద్దు, అరుగుదల అయితే మినార్ల మీద గీతలు కూడా పోయుంటాయి, డై తేడా అయితే మిగతాదంతా స్ఫుటంగా ఉండి ఐన్ ఒక్కటే పొట్టిగా ఉంటుంది. దీనిమీద గంటన్నర వాదించుకున్నాం, నాకైతే ఏడాది మొత్తంలో అదే బెస్ట్ మీటింగ్.

గ్రేడింగ్‌లో, అంటే నాణెం ఎంత బాగుందో తేల్చడంలో, మాత్రం మనం ఇంకా వీకే. మెరిస్తే చాలు యూఎన్‌సీ (చేతులు మారని కొత్త నాణెం) అనేస్తున్నాం. టంకశాల మెరుపు నాణెం తిప్పుతుంటే చక్రంలా తిరుగుతుంది, తోమిన మెరుపు ఎటు తిప్పినా ఒకేలా ఉంటుంది, పైగా సన్నటి గీతలు. నేనూ చిన్నప్పుడు తాతయ్య రూపాయిని చింతపండుతో తోమినవాణ్ణే, ఇప్పుడు దానికి ఏ గ్రేడింగ్ కంపెనీ అయినా క్లీన్డ్ అనే రాస్తుంది, గ్రేడ్ నంబర్ ఇవ్వదు. మెడలో వేసుకోడానికి కొండి అతికించి తర్వాత పీకేసినవి కూడా చాలా వస్తున్నాయి, పైన 12 గంటల దగ్గర అంచు చూడండి, టంకం మచ్చ దొరుకుతుంది.

ఇంకొకటి, 1818 అని ఉండి హనుమంతుడి బొమ్మ ఉన్న ఈస్టిండియా కంపెనీ అణాలు దయచేసి ఇక తేవద్దు. కంపెనీ అలాంటివి ఎప్పుడూ వెయ్యలేదు, అవి తర్వాత ఎవరో చేసుకున్న బిళ్లలు. ఒక సభ్యురాలి ఇంటికి రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పి, మీ పాత నాణేనికి లక్షలు వస్తాయి, ముందు ఫీజు కట్టండి అని ఫోన్ వచ్చింది, మన గ్రూప్‌లో అడిగారు కాబట్టి డబ్బు మిగిలింది. ఇలాంటివి నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది.

వచ్చే ఏడాది 1862 విక్టోరియా రూపాయిల మీద ఉండే చుక్కల లెక్క పెట్టుకుందాం, ఇంట్లో ఉన్నవన్నీ తోమకుండా తీసుకురండి. సంఘం లూప్ ఎవరి దగ్గరుందో వాళ్లు కూడా తెచ్చెయ్యండి.