ములుగు కింద ప్లేట్లు గుద్దుకోలేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

2024 డిసెంబరు 4 పొద్దున 7.27కి ములుగు జిల్లాలో భూకంపం వచ్చినప్పుడు నేను కొత్తగూడెంలో మా వంటింట్లో ఉన్నాను. స్టాండులో బోర్లించిన స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి, పొయ్యి పక్కన పెట్టిన పాలగిన్నెలో మీగడ అటూ ఇటూ ఊగింది, ఏమైందో అర్థమయ్యేలోపే అయిపోయింది. తీవ్రత 5.3 అన్నారు, హైదరాబాద్, విజయవాడ దాకా తెలిసింది. అప్పటి నుంచీ టీవీల్లో, వాట్సాప్‌లో, అప్పుడప్పుడూ పేపర్లలో కూడా ఒకటే మాట, "లావా మీద తేలుతున్న రెండు ప్లేట్లు గుద్దుకున్నాయి" అని. నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. పిల్లలు పరీక్షలో కూడా అదే రాస్తున్నారు, అందుకే ఈ ఉత్తరం.

ముందు లావా సంగతి. మన కాళ్ల కింద భూపటలం మందం 35, 40 కిలోమీటర్లు ఉంటుంది. దాని కింద దాదాపు 2,900 కిలోమీటర్ల లోతు దాకా ఉన్న ప్రావారం ఇంచుమించు అంతా గట్టి రాయేనండీ, లావా సముద్రం కాదు. నిజంగా కరిగి ఉన్న పొర దానికీ కింద, ఇనుముతో నిండిన బయటి కేంద్రం. ఇంకా లోపలికి, 5,150 కిలోమీటర్ల దగ్గర, మళ్లీ గట్టిదే. రష్యాలో కోలా దగ్గర ఎన్నో ఏళ్లు తవ్విన బోరే 12 కిలోమీటర్ల పైచిలుకులో ఆగిపోయింది, మరి ఇదంతా ఎలా తెలిసిందంటే భూకంపాలే చెప్పాయి. భూకంపంలో పుట్టే ఎస్ తరంగాలనేవి ద్రవంలోంచి పోలేవు. అవి ప్రావారంలోంచి దూసుకెళ్తాయి, బయటి కేంద్రం దగ్గరికొచ్చి ఆగిపోతాయి. ఈ ఒక్క ముక్క పిల్లలకి అర్థమైతే చాలు, లావా సముద్రం బొమ్మ వాళ్లే కొట్టేస్తారు.

గట్టి రాయైతే ఎలా కదులుతుంది సార్ అని ఒక అమ్మాయి అడిగింది. రోడ్డు పని జరిగే చోటి నుంచి చిన్న తారు ముద్ద తెచ్చి సుత్తితో కొట్టించాను, గాజులా పెళ్లున పగిలింది. అదే తారుని ఎండలో వదిలేస్తే మెల్లగా జారి నేలకి అతుక్కుపోతుంది కదా. ప్రావారం కూడా అంతే, కాకపోతే దానికి లక్షల ఏళ్లు కావాలి. దాని మీద సుమారు 100 కిలోమీటర్ల మందాన ఉండే పలకలు, అంటే టీవీల్లో చెప్పే ప్లేట్లు, జరుగుతుంటాయి. చల్లబడి బరువెక్కిన సముద్రపు అంచు లోపలికి దిగుతూ తన వెనకున్నదాన్ని లాగుతుంది, పలకలు జరగడానికి అన్నిటికంటే పెద్ద కారణం అదే. సుమత్రా, అండమాన్ దగ్గర అలా కిందికి దిగేచోటే 2004 డిసెంబరు 26న సునామీ పుట్టి మన కోస్తా దాకా వచ్చింది. మన పలక ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోంది, అంటే ఒకటో తరగతిలో చేరిన పిల్ల అయిదు పూర్తి చేసేసరికి బడితో సహా జానెడు జరిగినట్టు.

ఇక ములుగు కింద పలకల అంచు లేదు. గుద్దుకునేది హిమాలయాల దగ్గర. మనం పలక నడిమధ్యలో ఉన్నాం, కానీ గోదావరి వెంట కోట్ల ఏళ్ల నాటి పగులు ఒకటి ఉంది. అప్పట్లో అది కుంగి, మట్టీ చెట్లూ పేరుకున్నాయి కాబట్టే సింగరేణికి బొగ్గు దొరికింది. మా నాన్న ముప్పై ఏళ్లు దిగిన గని ఆ పగులులోనిదే. అక్కడ హిమాలయాల దగ్గర పడే ఒత్తిడి పలకంతా పాకడంతో, ఇలాంటి పాత బలహీనతల దగ్గర అప్పుడప్పుడూ రాయి జారి భూకంపం వస్తుంది. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చింది కూడా ఇక్కడే.

"ప్లేట్లు గుద్దుకున్నాయి" అని చదివినవాళ్లలో సగం మంది తెలంగాణ చీలిపోతుందేమోనని టెన్షన్ పడుతున్నారు, మిగతావాళ్లు దక్కన్ గట్టి రాయి, మనకేం కాదు అంటున్నారు. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారి భూకంపంలో దాదాపు పదివేల మంది చనిపోయింది ఆ దక్కన్ మీదే, మట్టితో కట్టిన బరువైన రాతి గోడల కింద.

దయచేసి మీ జిల్లా పేజీలో గోదావరి పగులు మ్యాపు ఒకటి, మా ఊళ్ల పేర్లతో, హైదరాబాద్‌లో భూమి లోపలి సంగతులు పరిశోధించే ఎన్‌జీఆర్ఐ శాస్త్రవేత్తలతో మాట్లాడి వేయండి. మా క్లాసు గోడకి అంటిస్తాను.

ఇట్లు,
ఒక సోషల్ టీచర్, కొత్తగూడెం