సిఫారసు ఉత్తరం

చిట్టీ,

మంగళవారం నుంచి నువ్వు ఫోన్ ఎత్తట్లేదు. ఎండలో తిరిగి తలనొప్పి తెచ్చుకున్నావేమో అనుకున్నాను.

ఇక్కడంతా బాగానే ఉంది. బీరపాదు కంచె దాటి పక్కింటివైపు పాకింది. నాయనమ్మ మోకాలు కాస్త నయం. నిన్న గుడిలో పిన్ని కలిసింది. సొరోరిటీల (అదే, మీ కాలేజీ అమ్మాయిల క్లబ్బుల) ఎంపికలో రెండో రౌండుకే చాలా హౌస్‌లు, అంటే ఆ క్లబ్బులు, నిన్ను వదిలేశాయటగా, రికమండేషన్ ఉత్తరాలు లేకనేనట. నిజమేనా? ఎందుకు వదిలేశారో ఏ హౌసూ చెప్పదుగా, మరి దానికెలా తెలుసు?

బుజ్జి లైసెన్సు వచ్చింది. జాగ్రత్తగానే నడుపుతున్నాడు.

నాకు హాస్టల్ సీటుకి ఎమ్మెల్యేగారి లెటరు తెమ్మన్నారు, ఎప్పుడైనా చెప్పానా? తాతయ్య ఆ గుమ్మం దాకా వెళ్లి, చెప్పులు విప్పి, మళ్లీ తొడుక్కుని వచ్చేశారు. మార్కులున్న పిల్లకి ఇంకొకరి మాటెందుకు అన్నారు. ఏడాదంతా తెనాలి నుంచి గుంటూరుకి పాసింజర్లో తిరిగాను. వానాకాలం తడిసిన చీరతోనే క్లాసులో కూర్చునేదాన్ని. అయినా ఆయన మీద కోపం రాలేదు, గర్వంగా ఉండేది. మే నెలలో మీ స్కూల్ లైబ్రరీ మేడమ్ "నేనూ అలాంటి సొరోరిటీలో ఉన్నదాన్నే, రెజ్యూమె, ఫొటో ఇవ్వండి, రాస్తాను" అన్నప్పుడు నాకు ఆ గుమ్మమే కనిపించింది. సిఫారసులు మాకొద్దండీ అనేశాను. నిన్ను నాలుగేళ్లు చూసిన మనిషి, నీ గురించి నాలుగు మంచి మాటలు రాస్తానంది. అది సిఫారసెలా అవుతుంది? తప్పు నాదమ్మా, నీది కాదు.

2020 తర్వాత చాలా సొరోరిటీలు ఆ ఉత్తరం తప్పనిసరి కాదన్నాయి, అదీ నాకు ధీమా. కానీ అమ్మా అమ్మమ్మా అక్కడే చదివిన పిల్లలకి రాసిపెట్టేవాళ్లు ఊరంతా ఉంటారు, మనకెవరున్నారు? 2013లో మీ అలబామా యూనివర్సిటీలోనే, హౌస్‌లోని పిల్లలు కావాలనుకున్న నల్లజాతి అమ్మాయికి పూర్వ విద్యార్థినులు అడ్డుపడ్డారని విద్యార్థుల పత్రిక క్రిమ్సన్ వైట్ బయటపెట్టింది. ఆ గొడవ తర్వాతే చాలా హౌస్‌లు నల్లజాతి అమ్మాయిలకి తలుపులు తెరిచాయి. అందుకే, ఎవరో వద్దన్నారని నీలో లోపం వెతుక్కోకు. అడగాల్సిన చోట నోరు తెరిచి అడుగు, సాయం చేసినవాళ్లకి చేత్తో రాసిన థాంక్యూ కార్డు పంపు, పొద్దున తినకుండా బయల్దేరకు. ఖాళీలుంటే తర్వాత కూడా కొన్ని హౌస్‌లు పిలుస్తాయట, కనుక్కో.

మేడమ్‌కి నిన్న ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. నిన్ను అడిగింది.

ఏ హౌస్ పిలిచిందో తెలిసే బిడ్ డే ఆదివారమేగా. నీ చేతికి కవరొచ్చినా రాకపోయినా ఆరింటికి మీ డార్మ్ ముందుంటాం. గోంగూర, పెరుగన్నం తెస్తున్నా. నీలం చెప్పులు కరుస్తున్నాయన్నావు, పాతవి కూడా పెట్టాను. ఈ రాత్రికి ఒక్కసారి ఫోన్ ఎత్తు.

అమ్మ